నీలిమందు గోడ

మా అత్తగారికి కూరలు తరగడం రాదు. ఈ సంగతి నేను కాపురానికొచ్చిన మొదటి వారంలోనే కనిపెట్టాను. ఆవిడ తరిగిన బెండకాయ ముక్కల్లో ఒకటి బొటనవేలంత ఉంటే పక్కది గోరంత ఉండేది. మూకుట్లో చిన్నది మాడిపోయినా పెద్దది ఉడికేది కాదు. "నాకు పనివాటం లేదే హైమా, నువ్వే కానీ," అని కత్తిపీట నా ముందుకి జరిపి, ఆవిడ పడక్కుర్చీలో కూర్చుని వారపత్రిక విప్పేవారు. నేను రాకముందు ఈ ఇంట్లో వంట ఎలా సాగిందా అని అప్పుడే అనుమానించాల్సింది. కోడలు అత్తగారి విషయంలో అనుమానించాల్సినవి చాలా ఉంటాయి కనక దీని వంతు రాలేదు.

ఆ కత్తిపీట కూడా నాకెప్పుడూ కుదరలేదు. పీట చెక్క ఒక పక్క నున్నగా, పల్లంగా అరిగిపోయి ఉండేది. నేను కాలు వేసే పక్క కాదు, రెండో పక్క. వడ్రంగి తప్పనుకుని ఊరుకున్నాను. పాపం, ఆ వడ్రంగి ఎవరో!

మావారు చిదంబరం గారు కాకినాడలో యూనివర్సిటీ ప్రొఫెసరు. ఆయన చేసే పని లెన్సు లేకుండా బొమ్మలు పట్టడం. కాంతినీ, దాన్ని పసిగట్టే బిళ్ళనీ, లెక్కలు కట్టే కంప్యూటర్నీ ముగ్గురినీ కలిపి కాపురం చేయిస్తారు. ఇదంతా ఇరుగుపొరుగులకి చెప్పలేక "ఫొటోలకి సంబంధించిన పనండీ" అని చెప్పాను. మర్నాడు ఎదురింటివాళ్ళ పిల్లాడు పాస్‌పోర్టు ఫొటో తీయించుకోవడానికి తల దువ్వుకుని వచ్చాడు.

ఆయన దగ్గర తబస్సుమ్ అనే అమ్మాయి పరిశోధన చేస్తోంది. జగన్నాథపురం పిల్ల, నోరు గలది. యూనివర్సిటీ వెనకాల రేకుల షెడ్డులో ఇద్దరూ కలిసి ఒక యంత్రం తయారుచేశారు. దానికి తబస్సుమ్ పెట్టిన పేరు చుట్టంగారు. "వచ్చి కూర్చుంది ఆంటీ, కదలదు, బోలెడు కరెంటు తింటుంది, ఎప్పుడు మాట్లాడుతుందో తెలీదు," అంది నన్ను మొదటిసారి షెడ్డుకి తీసుకెళ్ళినప్పుడు.

చుట్టంగారి ఎదురుగా ఒక చిన్న ఇటుక గోడ. దానికి నీలిమందు కలిపిన సున్నం పూసి, వేసవంతా దాని ముందు, ఊచల కిటికీ దగ్గర, ఒక టీ కెటిల్ కదపకుండా ఉంచారట. ఇప్పుడు కెటిల్ లేదు. తబస్సుమ్ మీట నొక్కింది. గోడ మీద సన్నటి వెలుతురు చిటికెలు వేసినట్టు మెరిసింది. కాసేపటికి కంప్యూటరు తెర మీద ముందు బూడిదరంగు ముద్ద, తర్వాత మూతి, తర్వాత పిడి. కెటిల్!

"నీలిమందు ఎండకి వెలుస్తుంది కదాంటీ. ఏదైనా అడ్డం ఉన్నచోట కాస్త తక్కువ వెలుస్తుంది. మన కంటికి ఆనదు, చుట్టంగారికి ఆనుతుంది."

"నీడ మసగ్గా కదా పడుతుంది?" అన్నాను. నేనూ ఫిజిక్సు బీయస్సీయే. పోపు వేసేటప్పుడు తప్ప మిగతా వేళల్లో గుర్తుంటుంది.

"అందుకే ఊచల కిటికీ. ఎన్ని ఊచల సందులుంటే అన్ని నీడలు, ఒకదానిమీద ఒకటి. ఆ చిక్కు విప్పితే బొమ్మ."

"జడ చిక్కు విప్పినట్టు."

"అంతే. కాకపోతే గోడ ఏడవదు."

చిక్కల్లా ఒక్కటే. చదవడానికి వేసే వెలుతురుకే మిగిలిన నీలం కూడా వెలిసిపోతుంది. ఒకసారి చదివిన పూత మళ్ళీ చదవడానికి ఉండదు. ఉత్తరం చదివి చింపేసినట్టన్నమాట.

షెడ్డులో కెటిళ్ళు బాగానే వచ్చాయి. కాని యూనివర్సిటీవాళ్ళకి కెటిళ్ళు చాలవు. మనుషులు బతికిన నిజమైన గోడని చదివి, వచ్చిన బొమ్మ నిజమేనని నిపుణుల ముందు రుజువు చెయ్యాలి. చెయ్యలేకపోతే షెడ్డు ఇంకో శాఖకి వెళ్ళిపోతుంది, తబస్సుమ్ డాక్టరేటు అక్కడితో ఆగిపోతుంది. ఇద్దరూ ఊరంతా తిరిగారు. ఎక్కడ చూసినా ఆయిల్ పెయింటు, కాకపోతే టైల్సు. చివరికి మావారు ఇంటికొచ్చి, కాఫీ తాగుతూ తలెత్తి, తను పుట్టినప్పట్నుంచీ చూస్తున్న మధ్యగది తూర్పు గోడని మొదటిసారి చూశారు.

మా అత్తగారు సుభద్రమ్మ గారు. ఏటా దసరాకి ముందు ఆ గోడకి సున్నంలో నీలిమందు కలిపించి పూత వేయించవలసిందే. పాత పూత గీకనివ్వరు, డిస్టెంపరు మాటెత్తనివ్వరు. పొదుపనుకునేదాన్ని. అలా పూత మీద పూత పడి, పూతకో ఏడాది చొప్పున, ఆ ఇంటి సాయంత్రాలన్నీ గోడలో పొరలుగా పేరుకుని ఉన్నాయి. ఎదురుగా పడమటి కిటికీ, దానికి ఇనప ఊచలు. దేవుడు చుట్టంగారి కోసమే కట్టించినట్టుంది ఇల్లు.

"అమ్మా, మన మధ్యగది గోడ కావాలి," అన్నారు మావారు.

"గోడెందుకురా? షెడ్డుకి పట్టుకుపోతావా?"

"ఇక్కడే చదువుతాం. లోపలి పూతల్లో నాన్నగారు కనిపించొచ్చు."

అత్తగారు చేతిలో కాఫీ గ్లాసు కింద పెట్టేశారు. "ఆయన ఫొటో ఉందిగా, దండేసి. ఇంకా ఏం కనబడాలిట?"

మా మావగారు నరసింగరావు మాస్టారిని నేను చూడలేదు, నా పెళ్ళికి ముందే పోయారు. హైస్కూలు హెడ్మాస్టరు. ఆయన బజార్లో నడిచొస్తుంటే సైకిళ్ళ మీద వెళ్ళేవాళ్ళు దిగి నడిపించుకెళ్ళేవారట. ఎడంచేతి వాటం మనిషి. ఎడంచేత్తో విసిరిన సుద్దముక్క చివరి బెంచీవాడికి కూడా గురి తప్పేది కాదట. కొడుక్కి ఆయన ఇచ్చిన ఆస్తులు రెండు: ఆ చేతివాటం, సాయంత్రం పూట ఆటలు. స్కూలు వదలగానే "ఆటాడని వాడు మనిషి కాడు" అని మావారిని గ్రౌండుకి తరిమేసేవారట. చీకటి పడకుండా ఇంట్లో అడుగుపెట్టకూడదు. "ఆ క్రమశిక్షణే నన్నింతవాణ్ణి చేసింది" అని మావారు ఇప్పటికీ కళ్ళు చెమ్మగిల్లేలా చెబుతుంటారు.

మర్నాడు వెల్లలు వేసే అప్పన్న గుమ్మంలో నిలబడ్డాడు, చేతిలో గీకుడు బద్దతో. "అమ్మగారు కబురెట్టారండి. గోడంతా గీకేసి డిస్టెంపరెయ్యమన్నారండి."

డిస్టెంపరా! ఆ మాటంటే మూడు రోజులు అన్నం మానేసే మనిషి! అప్పన్నకి కాఫీ ఇచ్చి, దసరా ముందు రమ్మని పంపేశాను. అత్తగారు లోపల్నించి "వెళ్ళిపోయాడా?" అన్నారు. "సున్నం రేటు పెరిగిందిటండీ, డిస్టెంపరుది మరీ పెరిగిందిట," అన్నాను. పొదుపరి కనక ఇంకేమీ అనలేకపోయారు.

చివరికి కొడుకు మొహం చూసి మెత్తబడ్డారు. "సరే. మొన్నమొన్నటి పూతలు చూసుకో. మరీ లోపలికి పోకు."

"పోనమ్మా," అన్నారు మావారు. సైంటిస్టుల మాట అది.

చుట్టంగారు ఆటోలో మా ఇంటికి దయచేశారు. పై పూతలంటే నా కాపురమే. నేను కూడా చీర కుచ్చెళ్ళు సర్దుకుని తెర ముందు కూర్చున్నాను. ఏడాది తర్వాత ఏడాది వచ్చింది. పడక్కుర్చీలో అత్తగారు చక్కగా, శిల్పంలా ఉన్నారు. బీరువా ఉంది. మావారి బనీను ఆరేసిన తీగ కూడా ఉంది. నేను లేను.

"స్థిరంగా ఒకచోట ఉన్నవాళ్ళే పడతారాంటీ," అంది తబస్సుమ్ మెల్లిగా. "మీరు ఇదిగో..." అని చూపించింది. వంటింటి గుమ్మం నుంచి వీధి గుమ్మం దాకా పల్చటి చార, పొలంలో కాలిబాటలాగ. నా కాపురమంతా కలిపి ఒక చార!

"పోన్లే, చక్కగా తిన్నగా ఉంది," అన్నాను.

మావారు తెర దగ్గరికి జరిగారు. ఆ చార వంక చాలాసేపు చూశారు. అప్పటికే ఆ పూతలు వెలిసిపోయాయి.

మర్నాడు అత్తగారు పురాణ కాలక్షేపానికి వెళ్ళిన వేళ చూసి, ఆయన మాట తప్పి లోపలికి పోయారు. తను పిల్లాడుగా ఉన్ననాటి పూత. నేను తలుపు దగ్గర బెండకాయలు తరుగుతున్నాను. తెర మీద కిటికీ పక్కన పడక్కుర్చీ తేలింది. అందులో ఒక మనిషి, చేతిలో పుస్తకం. కింద నేలమీద ఇంకో మనిషి, ముందు కత్తిపీట. నీడలకి చీరా పంచే తేడా తెలియదు. మొహాలు లేవు. కాని ఆ కుదురు చూస్తే ఎవరికైనా తెలుస్తుంది, ఆ ఇద్దరూ రోజూ అక్కడే, అలాగే, ఎండ వాలేదాకా కూర్చునేవారని.

"నాన్న!" అన్నారు మావారు కుర్చీ వైపు చూసి. తెర మీద వేలు ఆనించారు. "చదువుకుంటున్నారు. కింద అమ్మ, కూర తరుగుతోంది."

కాస్త తేరుకుని మళ్ళీ చూశారు. నొసలు ముడిపడింది. "అదేవిటి, అమ్మ ఎడంచేత్తో తరుగుతోందే? బొమ్మ కుడిఎడమలు తిరగబడి ఉంటుంది. తిప్పు, తబస్సుమ్."

తిప్పింది. అమ్మ కుడిచేత్తో తరిగింది. కాని మూల ఉండాల్సిన బీరువా వెళ్ళి వంటింటి గుమ్మంలో నిలబడింది.

"బీరువా ఎప్పుడైనా అక్కడుండేదా సార్?"

"గుమ్మంలో బీరువా పెడితే అన్నం ఎలా తినేవాళ్ళం!"

మళ్ళీ మొదటిలాగే తిప్పింది. బీరువా మూలకి వెళ్ళింది, అమ్మ ఎడంచేతికి మారింది. అలా తిప్పీ తిప్పీ ఇద్దరి మొహాలూ వాడిపోయాయి. చివరికి మావారు కళ్ళజోడు తీసేశారు. "ఇది చదవడం లేదు తబస్సుమ్, కట్టుకథలల్లుతోంది. ఏదో ఒక మనిషి ఆకారం కావాలి కనక ఊహించి వేసేస్తోంది. గురువారం వచ్చే నిపుణులకి ఏం చూపిస్తాం? ఆ పూత కూడా పోయింది."

తబస్సుమ్ చుట్టంగారి మీద గుడ్డ కప్పేసింది.

నేను కత్తిపీట వైపు చూసుకున్నాను. అరిగిపోయిన రెండో పక్క. ఎడంచేతివాడు కాలు వేసే పక్క. చేతిలో బెండకాయ సగం తెగి అలాగే ఉండిపోయింది.

పెద్ద ప్రొఫెసరు ఆయన. బొమ్మ తిరగబడిందనుకున్నారు, యంత్రం తప్పనుకున్నారు, బీరువా నడిచిందా అని కూడా అడిగించుకున్నారు. వాళ్ళ నాన్న కూరలు తరిగారేమో అన్నది మాత్రం ఆయన లెక్కల్లో ఎక్కడా లేదు.

అత్తగారు రాగానే వంటింట్లోకి పిలిచి, కత్తిపీట ఆవిడ ముందు వేశాను. "అత్తయ్యగారూ, ఈ పీట ఇటు పక్కెందుకు అరిగిందండీ?"

ఆవిడ పీట వంక చూశారు, నా వంక చూశారు. తర్వాత తలుపు దగ్గరికి వేశారు. "చూసేశాడా వాడు?"

"చూశారు. కాని కుర్చీలో ఉన్నది వాళ్ళ నాన్నగారనుకుంటున్నారు."

"అనుకోనీ." గోడకి చేరబడ్డారు. "నేను కాపురానికొచ్చేటప్పటికి నాకు అక్షరం ముక్క రాదే. ఆయన నేర్పిస్తానన్నారు. తీరికేదీ, వంటెవరు చేస్తారు అన్నా. 'నువ్వు చదువు, నేను తరుగుతా' అన్నారు. రోజూ స్కూలు వదిలాక తలుపు గడియ వేసేవాళ్ళం. నేను కూడబలుక్కుని చదువుతుంటే ఆయన తరుగుతూ తప్పులు దిద్దేవారు. చదువు వచ్చేసిందని నేను చెబితేగా! పోయేదాకా ఆయన చేతే తరిగించా."

"అందుకా మీకు తరగడం రాదు!"

"ఎలా వస్తుంది? ఆయన ఒక్కో ముక్కా కొలిచినట్టు తరిగేవారు." ఆవిడ నవ్వబోయి ఆగారు. "ఊళ్ళో తెలిస్తే హెడ్మాస్టరుకి విలువుంటుందిటే? ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకున్నారు. నువ్వూ చెప్పకు."

"నేను చెప్పను. మీ ఒట్టు మీది. కాని గురువారం మీ అబ్బాయి తన యంత్రం అబద్ధమని ఒప్పేసుకుంటారు. షెడ్డు పోతుంది, ఆ పిల్ల చదువూ పోతుంది. పాపం, తబస్సుమ్‌కి తీరిక చేసిపెట్టి చదివించే మొగుడు కూడా ఇంకా రాలేదు."

అత్తగారు నన్ను కోపంగా చూశారు. నేను బెండకాయలు చూసుకున్నాను.

గురువారం మధ్యాహ్నం దాటాక నిపుణులు ముగ్గురొచ్చారు. ఇద్దరు బెంగుళూరు నుంచి. మూడోవారు మన ఊరివారే, రిటైరైన ఇంజనీరు తాతబ్బాయి గారు. ఆయన లోపలికి వస్తూనే మావగారి ఫొటోకి నమస్కారం పెట్టి, అలవాటుగా వీపు తడుముకున్నారు. "మా మాస్టారండీ," అన్నారు.

నేను చేసిందల్లా గది సర్దడం. పడక్కుర్చీ కిటికీ పక్కన పాత చోటుకి లాగాను. దానికెదురుగా నేలమీద కత్తిపీట వేశాను, తియ్యడం మర్చిపోయినట్టు. కుర్చీ మీద ఆ వారం పత్రిక పెట్టాను. తర్వాత కాజాలూ కాఫీలూ తెచ్చిచ్చి గుమ్మం పక్కన నిలబడ్డాను.

మావారు తెర మీద బొమ్మ పెట్టి, దించిన తలతో మొదలుపెట్టారు. "చూడటానికి బాగానే ఉంది గాని, ఇందులో ఒక లోపం ఉంది. కింద కూర్చున్నది మా అమ్మగారు. ఆవిడ కుడిచేతివాటం. బొమ్మలో..."

అత్తగారు దేవుడి గదిలోంచి వచ్చారు. కుర్చీని చూశారు, పీటని చూశారు, నన్ను చూశారు. నేను పైకప్పు చూశాను. ఆవిడ మావగారి ఫొటో ముందు ఒక్క క్షణం నిలబడి, "ఏవండీ, ఇహ నావల్ల కాదు, చెప్పేస్తున్నా," అన్నారు మామూలు గొంతుతో, కూరగాయలు తెమ్మని చెప్పినట్టుగా. తర్వాత వెళ్ళి పడక్కుర్చీలో కూర్చుని పత్రిక విప్పి, తల కాస్త కిటికీ వైపు వంచారు.

తబస్సుమ్ తెర వంకా అత్తగారి వంకా చూసింది. "సార్," అంది. "సార్, తల వంపు చూడండి."

"ఆ కుర్చీలోది నేనురా చిదంబరం," అన్నారు అత్తగారు పత్రిక దించకుండానే. "కింద కూర్చుని తరిగేది మీ నాన్న. బీరువా ఎక్కడికీ పోలేదు, నీ బుద్ధే తిరగబడింది."

మొదట కదిలింది తాతబ్బాయి గారు. తెర దగ్గరికి వెళ్ళి, కింది నీడ భుజాన్ని వేలితో చూపించారు. "ఆ ఎడం భుజం పైకి లేవడం చూడండి. మోచెయ్యి దేహానికి అంటుకోదు. సుద్దముక్క విసిరే ముందు సరిగ్గా అలాగే లేచేది. నా వీపుకీ బుర్రకీ బాగా తెలుసు. ఇది మా మాస్టారే!" ఉన్నట్టుండి ఆయనకి నవ్వు ఆగలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "బెండకాయలా అమ్మా? మా మాస్టారా?"

"బెండకాయలొక్కటేనా! పనసపొట్టు కూడా కొట్టేవారు. మీ పరీక్ష పేపర్లు దిద్దడం కన్నా అదే నయమనేవారు."

బెంగుళూరు పెద్దమనుషులకి తెలుగు అంతంత మాత్రం. తబస్సుమ్ వాళ్ళకి ఇంగ్లీషులో చెబుతుంటే వాళ్ళూ మెల్లిగా నవ్వడం మొదలెట్టారు. యంత్రానికి తెలియదు, ఇంటి కొడుక్కీ తెలియదు, గోడ ఒక్కటే చెప్పింది, ఇంతకన్నా రుజువేముంటుంది అన్నారు వాళ్ళలో పెద్దాయన.

మావారు మాత్రం నవ్వలేదు. ఏదో పెద్ద లెక్క వేస్తున్నట్టు నిలబడ్డారు. "అందుకా," అన్నారు చివరికి, "అందుకా నన్ను రోజూ గ్రౌండుకి తరిమేసింది? ఆటాడని వాడు మనిషి కాడని..."

"నువ్వింట్లో ఉంటే తలుపు గడియ ఎలా వేసుకుంటాంరా?" అన్నారు అత్తగారు.

షెడ్డు నిలిచింది. తబస్సుమ్ డాక్టరేటూ నిలిచింది. వెళ్ళేముందు పెద్దాయన ఇంకా లోపలి పూతలున్నాయా అని అడిగారు. ఉన్నాయి. అత్తగారు అక్షరాలు దిద్దుకున్న తొలి సంవత్సరాలు. మావారి కళ్ళు మెరిశాయి.

అత్తగారు లేచి గోడ దగ్గరికి వెళ్ళారు. చదివేసిన మేర గోడ పాలిపోయి, చీకేసిన మామిడి టెంకలా ఉంది. దాని మీద అరచెయ్యి ఆనించారు.

"ఆ సాయంత్రాలు మళ్ళీ రావుగా ఇందులోకి?"

"రావమ్మా. కంప్యూటర్లో దాచాం."

"అది నువ్వు దాచింది. ఇది ఆయన దాచింది." చెయ్యి తీశారు. "ఒకటి చెప్పాను, చాలు. మిగతావి నావి. ఆ లోపల నేను 'అమ్మ, ఆవు' చదువుతుంటాను. నేను తప్పులు చదవడం ఆయనొక్కరే విన్నారు."

మావారు నా వైపు చూశారు, సిఫారసు చెయ్యమన్నట్టు. నేను వెళ్ళి చుట్టంగారి ప్లగ్గు పీకేశాను.

దసరా ముందు అప్పన్న వచ్చి, బకెట్లో సున్నం కలిపి, అందులో నీలిమందు మూట జాడించి, గోడకి కొత్త పూత వేసి వెళ్ళాడు. తడి ఆరాక గోడ పొద్దుటి ఆకాశంలా వచ్చింది.

ఆ సాయంత్రం మావారు పెందరాళే ఇంటికొచ్చారు. వీధి తలుపు గడియ వేశారు. పంచె ఎగ్గట్టి నేలమీద చతికిలబడి కత్తిపీట ముందుకు లాక్కున్నారు. ఎడంకాలు వేశారు. పీట అరుగుదలలో కాలు అచ్చం కొలతకి పోసినట్టు కూర్చుంది.

"అమ్మకి చెప్పకు," అన్నారు.

"ఆవిడ తాతబ్బాయి గారింటికి వెళ్ళారు. వాళ్ళ వీధిలో ఆడవాళ్ళందరికీ మీ నాన్నగారి కథ చెప్పి వస్తానన్నారు. ఆ వీధి మగవాళ్ళకి రేపట్నుంచి ఉంటుంది."

నేను పడక్కుర్చీలో కూర్చున్నాను. అందులో కూర్చోవడం అదే మొదలు. పత్రిక విప్పాను. పడమటెండ ఊచల్లోంచి వచ్చి మా ఇద్దరి మీదుగా గోడ మీద పడింది. వంటింట్లో పాలు గుర్తొచ్చి లేవబోయాను.

"కదలకు," అన్నారు ఆయన బెండకాయ మీంచి చూపు తిప్పకుండా. "కదిలితే గోడలో పడవు."

పాలు పొంగితే పొంగాయి. కూర్చున్నాను. ముక్కలు మాత్రం ఒకటి బొటనవేలంత, ఒకటి గోరంత. ఆ వాటం తల్లి నుంచి వచ్చినట్టుంది.